దిగుడుబావిలో ‘ఏలియన్’!

అంతరిక్ష నౌకలో అందరూ భోజనాల బల్ల దగ్గర చేరారు. అంతకుముందు దాకా స్పృహ లేకుండా పడి ఉన్న కేన్ కూడా లేచి వచ్చాడు. ఆకలి దంచేస్తోందంటూ గబగబా తింటున్నాడు. జోకులు, నవ్వులు. ఉన్నట్టుండి కేన్‌కి పొలమారింది. దగ్గు మొదలైంది. మెలికలు తిరిగిపోతూ బల్లమీద వెల్లకిలా పడ్డాడు. చొక్కామీద ఎర్రటి మరక... మరుక్షణం ఛాతీని చీల్చుకుని పాములాంటి జీవి ఒకటి తల బయటపెట్టింది!

రిడ్లీ స్కాట్ 1979లో తీసిన ‘ఏలియన్’ సినిమాలోది ఈ సన్నివేశం. నాలుగున్నర దశాబ్దాలు దాటినా తలచుకుని ఉలిక్కిపడేవాళ్లున్నారు. అందులోని గ్రహాంతర జీవికి ఓ పద్ధతైన జీవితచక్రం కూడా ఉంది. మొదట తోలుసంచిలాంటి గుడ్డు. మనిషి దగ్గరకొస్తే చాలు, విచ్చుకుంటుంది. అందులోంచి సాలీడులాంటిదొకటి ఎగిరి ముఖానికి అతుక్కుంటుంది. గొంతులోంచి పిండాన్ని లోపలికి దించి, తన పని అయిపోయాక రాలిపడి చస్తుంది. మనిషికి మెలకువ వస్తుంది. అంతా బాగానే ఉందనుకుంటాడు. లోపల మాత్రం పిల్ల పెరుగుతుంటుంది. పెరిగాక ఏం చేస్తుందో భోజనాల బల్ల దగ్గర చూశాం కదా. ఆ గుడ్లన్నీ పెట్టే రాణి 1986లో వచ్చిన రెండో సినిమాలో కనిపిస్తుంది. గొంగళిపురుగుల ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగలను చూసి ఈ కల్పన చేశారని చెబుతారు.

హాలీవుడ్ వాళ్లకు కందిరీగ తట్టింది. సరిగ్గా అదే కాలంలో కర్నూలు, కడప జిల్లాల్లోని పల్లెలకొచ్చి, రచ్చబండ మీద కూర్చున్న వాళ్లను కదిపి ఉంటే ఇంతకన్నా చిత్రమైన కథ దొరికేది. మనిషి ఒంట్లో ఏడాదిపాటు ఆనవాలు లేకుండా పెరిగి, ఒకరోజు కాలిని తొలుచుకుని బయటకొచ్చే పురుగు ఇక్కడ నిజంగానే ఉండేది. దానివల్ల వచ్చే జబ్బు పేరు నారి కురుపు.

వింటినారిలాంటి పురుగు

తెల్లగా, సన్నగా, అడుగు కాదు రెండడుగులు కాదు... మీటరు దాకా పొడవు. మందం మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లే. వింటినారిని చూసినవాళ్లు దీనికి ఇంకో పేరు పెట్టలేరు. కన్నడంలోనూ నారు అనే మాటతోనే దీన్ని పిలిచారు. ఇంగ్లిషువాళ్లు గినీ వార్మ్ అన్నారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు డ్రాకంక్యులస్ మెడినెన్సిస్. డ్రాకంక్యులస్ అంటే చిట్టి డ్రాగన్ అని అర్థం. క్రీస్తుపూర్వం 1550 ప్రాంతం నాటి ఈజిప్టు వైద్య గ్రంథంలో కూడా ఈ పురుగు గురించే రాశారని పండితుల అంచనా.

సినిమా రాక్షసికి గుడ్డుంటే దీనికి దిగుడుబావి ఉంది. నిలవ నీళ్లలో సైక్లాప్స్ అనే ప్రాణి ఉంటుంది. మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉంటుందంతే. గ్లాసెడు నీళ్లను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే తెల్లటి చుక్కలు గెంతుతున్నట్టు కనిపిస్తాయి. దీనికున్నది ఒకే ఒక కన్ను. అందుకే గ్రీకు పురాణాల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు దీనికి అంటగట్టారు. పాపం, ఈ కథలో అది రాక్షసి కాదు, ఉత్త బండి! నారి పురుగు పిల్లలను అది ఆహారమనుకుని మింగుతుంది. ఆ పిల్లలు దాని ఒంట్లో అరక్కుండా బతికి, రెండు వారాల్లో మనిషిలోకి వెళ్లడానికి సిద్ధమవుతాయి.

ఆ నీళ్లు ఎవరో ఒకరు తాగుతారు. కడుపులోని ఆమ్లం సైక్లాప్స్‌ను చంపేస్తుంది. పురుగు పిల్లలకు కావలసిందీ అదే. బండి విరిగిపోగానే అవి దిగి, పేగు గోడను తొలుచుకుని లోపలికి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలల్లో పెరిగి పెద్దవై జతకడతాయి. మగది నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. జతకట్టాక చచ్చిపోతుంది. ఆడది చర్మం కింది పొరల్లో మెల్లగా సాగుతూ, ఎక్కువగా కాళ్లవైపే దిగుతుంది. ఇంత జరుగుతున్నా ఆ మనిషికి నొప్పి లేదు, జ్వరం లేదు. సంగటి తింటాడు, మడక దున్నుతాడు, తిరునాళ్లకు వెళ్లొస్తాడు. నీళ్లు తాగిన పది నెలల నుంచి పద్నాలుగు నెలల మధ్య ఏదో ఒకరోజు పిక్కమీదో మడమ దగ్గరో బొబ్బ లేస్తుంది.

నిప్పు కణిక పెట్టినట్టు మంట. ఆ మంటకు ఎవరైనా ఏం చేస్తారు? కాలు తీసుకెళ్లి చల్లటి నీళ్లలో పెడతారు. పురుగు ఎదురుచూసేది సరిగ్గా దాని కోసమే! నీళ్లు తగలగానే బొబ్బ చితికి, పురుగు మూతి బయటపడి, తెల్లటి ద్రవంతో పాటు లక్షల కొద్దీ పిల్లలను వదులుతుంది. వాటి కోసం కింద సైక్లాప్స్ సిద్ధంగానే ఉంటాయి. చక్రం పూర్తయింది.

ఇక్కడే సినిమావాళ్లకన్నా ప్రకృతి నాలుగాకులు ఎక్కువ చదివిందనిపిస్తుంది. ఏలియన్ తనను మోసిన మనిషిని చంపేస్తుంది. నారి పురుగు చంపదు. చస్తే బావి దాకా నడిచేదెవరు? మంట పుట్టించి, తను వెళ్లాల్సిన చోటికి ఆ మనిషి చేతనే మోయించుకుంటుంది. సైక్లాప్స్ పాత్ర ఏమిటో రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఫెడ్చెంకో 1870లో తుర్కిస్తాన్‌లో కనిపెట్టేదాకా ఈ తతంగం ఎవరికీ అంతుపట్టలేదు.

పుల్లకు చుట్టిన కాపురాలు

మరి వైద్యం? లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పురుగును చంపే మందు లేదు, రాకుండా ఆపే టీకా లేదు. ఒకసారి వచ్చిపోతే మళ్లీ రాదన్న భరోసా కూడా లేదు. తెలిసిందల్లా ఒకటే. బయటకొచ్చిన కొసను చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున తిప్పుతూ రావడం. వేల ఏళ్ల నాటి పద్ధతి. వైద్యానికి గుర్తుగా వేసే పాము చుట్టుకున్న కర్ర బొమ్మ దీన్నుంచే పుట్టిందనేవాళ్లూ ఉన్నారు.

చెప్పినంత తేలిక కాదది. పురుగంతా రావడానికి వారాలు పట్టేది. తొందరపడి లాగారా, పుటుక్కున తెగేది. తెగిన ముక్క లోపలికి పోయి, పిల్లలు కండలో చిందేవి. కాలు వాచి, చీము పట్టి, కొందరికి ధనుర్వాతం దాకా వెళ్లేది. మోకాలి కీలు దగ్గర పడితే కాలు బిగుసుకుపోయేది. ఒకే మనిషికి ఒకేసారి నాలుగైదు చోట్ల లేచిన సందర్భాలూ ఉన్నాయి.

దీనికి కాలం కూడా కలిసొచ్చేది. వేసవిలో నీళ్లు అడుగంటుతాయి. జబ్బు మోసే సైక్లాప్స్ మందగించి అడుక్కు చేరతాయి. బిందె అడుగు గీసుకునేదాకా ముంచితే గాని నిండదు. అలా నిరుడు ఎండల్లో తాగిన నీళ్లు, ఈసారి ఎండల్లోనో తొలకరికి ముందో బొబ్బలై లేచేవి. అంటే, వేరుశనగ విత్తడానికి గొర్రు కట్టాల్సిన రోజుల్లో రైతు నులక మంచంలో ఉండేవాడు. ఆయన లేచేసరికి పదును పోయేది. కూలికి వెళ్లే ఇంట్లో అయితే ఆ నెలంతా పస్తులే. ప్రాణం తీయదు కాబట్టి చావుల లెక్కల్లోకి ఎక్కలేదు గానీ, ఈ పురుగు ఎన్ని ఇళ్లను అప్పులపాలు చేసిందో ఏ లెక్కకీ అందదు.

నదీతీరం ఊళ్లకు ఈ బాధ లేదు. పారే నీళ్లలో ఈ చక్రం తిరగదు. గట్టుమీద నిలబడి చేదతో తోడుకునే బావుల్లోనూ తిరగదు, ఎందుకంటే అక్కడ ఎవరూ కాలు పెట్టరు. వానలు అంతంతమాత్రంగా ఉండి, మెట్లు దిగి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకోవాల్సిన సీమలోనే దానికి రాజ్యం. ఇప్పటి నంద్యాల కూడా కలిసి ఉన్న పాత కర్నూలు జిల్లాలో ఇది ఎంతగా పాతుకుపోయిందంటే, 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలకు ఇదో పరిశోధనాంశమైంది. నారి కురుపు ఎలా వ్యాపిస్తోందో వివరిస్తూ అక్కడి వైద్యులు రాసిన వ్యాసం 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. అంతకు చాలాముందే, 1930లలో, పక్కనున్న మైసూరు సంస్థానంలో వి.ఎన్.మూర్తి అనే వైద్య శాస్త్రజ్ఞుడు సైక్లాప్స్‌ను తినే చేపలను బావుల్లో వదిలి చూశారు.

మందు లేకుండానే...

చిత్రమేమిటంటే, పురుగు బలమే దాని బలహీనత కూడా. దాని దారిలో ఒక్క మెట్టు తీసేసినా కథ అక్కడితో సరి. కాలిమీద పుండున్నవాళ్లను బావిలోకి దిగనీయకపోతే చాలు. నీళ్లను సన్నటి గుడ్డలో వడగట్టినా చాలు.

జాతీయ నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో 89 జిల్లాలు దీని బారిన ఉన్నట్టు తేలింది. 1984లో దేశం మొత్తమ్మీద 40 వేలకు దగ్గరగా కేసులు నమోదయ్యాయి. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి పుండ్లున్నవాళ్లను వెతికారు. వడకట్టుకునే గుడ్డలు పంచారు. బావుల్లో టెమిఫాస్ అనే మందు లెక్కప్రకారం కలిపారు. దిగుడుబావులకు మెట్లు మూసి చేదబావులుగా మార్చారు. మారుమూల పల్లెలకు బోర్లు, చేతిపంపులు వచ్చాయి.

చెప్పినంత సాఫీగా జరిగిందనుకోలేం. తరతరాలుగా తాగుతున్న ఊరబావి నీళ్లలో పురుగుందంటే ఎవరికి కోపం రాదు? గ్లాసులో నీళ్లు పోసి, గెంతుతున్న చుక్కలను కళ్లారా చూపిస్తే తప్ప నమ్మేవాళ్లు కాదు. పైగా ఏడాది కిందట తాగిన నీళ్లకీ ఈరోజు లేచిన బొబ్బకీ ముడిపెట్టమంటే ఎవరికైనా కష్టమే.

అయినా గెలిచారు. దేశంలో ఆఖరి కేసు 1996 జులైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో భారత్‌ను నారి కురుపు లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. బావులతో పాటు వాటి మెట్లమీది కబుర్లూ పోయాయి. బోరునీళ్లతో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ బెడద వచ్చిపడింది, అది వేరే కథ.

ప్రపంచం సంగతీ చెప్పుకోవాలి. 1986లో ఏటా సుమారు 35 లక్షల మందికి ఈ జబ్బు వచ్చేదని అంచనా. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్థాపించిన కార్టర్ సెంటర్ ఆ ఏడాది నుంచే దీని వెంటపడింది. చివరి నారి పురుగు తనకన్నా ముందు పోవాలని ఆయన కోరిక. 2024 డిసెంబరు 29న, నూరేళ్లు నిండాక ఆయన వెళ్లిపోయారు. ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద మనుషుల్లో కనిపించిన కేసులు 15. ఆయన కోరిక వెంట్రుకవాసిలో తప్పిపోయింది. కారణం కుక్కలు! ఆఫ్రికాలోని చాద్‌లో ఈ పురుగు కుక్కల్లో కూడా బతకడం నేర్చిందని 2012లో బయటపడింది. పుండున్న కుక్కను నీళ్లలోకి వెళ్లకుండా కట్టేసి ఉంచిన యజమానికి అక్కడ డబ్బు బహుమతిగా ఇస్తున్నారు.

సీమలో మాత్రం కొత్తతరం డాక్టర్లకు ఇది పుస్తకంలోని బొమ్మే. అయితే బయటకు రాలేక లోపలే చచ్చిపోయిన పురుగులు కొన్ని ఉంటాయి. వాటి చుట్టూ సున్నం పేరుకుని గట్టిపడి, దశాబ్దాల తరబడి అలాగే ఉండిపోతాయి. మోకాలి నొప్పని వచ్చిన ఏ ఎనభై ఏళ్ల పెద్దాయనకో ఎక్స్‌రే తీస్తే, ఎముక పక్కన చుట్టచుట్టుకున్న తెల్లటి దారంలా కనిపించేది అదే. కుర్ర డాక్టరు ఫిల్మ్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తుంటాడు. ‘నారి’ అని పెద్దాయనే చెప్పాలి.