ముందు ఇల్లు, ఆ తరువాతే సముద్రం

ఉద్యోగరీత్యా ఊరు మారడం నేటి మధ్యతరగతి కుటుంబాలకు సర్వసాధారణమైపోయింది. రేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం, రైల్వే ఇన్ని ఉన్న విశాఖపట్నానికి ఏటా వేసవి చివర ఎన్నో కుటుంబాలు తరలివస్తాయి. జూన్‌లో బడులు తెరుస్తారు కనుక, మే నెలాఖరుకు సామాను దింపుకొంటారు. గుమ్మానికి కట్టిన మామిడాకులు వాడకముందే "సముద్రం ఎప్పుడు చూపిస్తావు నాన్నా?" అని పిల్లలు మొదలుపెడతారు. ఇటీవల ఈ ముచ్చటకు మరొకటి తోడైంది. సాయంత్రం పోయి అలలు చూసి రావడంతో తృప్తి పడక, గుడారం వేసుకొని పిల్లలతో సహా రాత్రంతా ఒడ్డుననే గడిపి రావాలని పలువురు ఉబలాటపడుతున్నారు.

"ఇంకా సగం పెట్టెలు విప్పలేదు, ఇల్లంతా రంగుల వాసన, వంటగది కుదరలేదు. రెండు రోజులు ఒడ్డున ఉండి వస్తే అందరికీ హాయి కదా" అని తల్లిదండ్రుల వాదన. "పసివాళ్ళకు ఉప్పుగాలి పడదు, అటువైపే పోవద్దు" అని బామ్మల వాదన. నేను ఈ రెంటిలో దేనితోనూ పూర్తిగా ఏకీభవించను. పిల్లలను సముద్రానికి తీసుకొని వెళ్ళవలసిందే. అయితే కొత్త ఇంట దిగిన తొలి నెలలలో ఒడ్డున రాత్రి బస మాత్రం తగదు. నా అభిప్రాయానికి కారణాలు మనవి చేస్తాను.

మూడు మార్పులు ఒకేసారి

మన శాస్త్రం దేశాన్ని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా విభజించింది. నీరు తక్కువై, ఎండ, గాలి ఎక్కువగా ఉండే జాంగలంలో వాతం ప్రబలం. నీరు, తేమ నిండిన ఆనూపంలో కఫం ప్రబలం. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప. విశాఖలో అది వెయ్యి మిల్లీమీటర్లకు పైమాటే. అక్కడ పుట్టి పెరిగిన పిల్లవాడు ఇక్కడికి రావడమంటే జాంగలం నుండి ఆనూపానికి రావడమే. బాల్యం స్వభావం చేతనే కఫప్రధానమైన వయస్సు. తడిగాలి దానికి తోడవుతుంది.

రెండవది కాలం. కుటుంబాలు తరలివచ్చే సమయంలో ఎండలు తగ్గీ తగ్గవు, వానలు మొదలై మొదలవవు. ఒక ఋతువులోని చివరి ఏడు రోజులను, రానున్న ఋతువులోని తొలి ఏడు రోజులను కలిపి ఋతుసంధి అన్నారు. ఆ పక్షం రోజులలో పాత అలవాటును మెల్లగా విడుస్తూ, కొత్తదానిని మెల్లగా అలవరచుకోవాలని వాగ్భటాచార్యుల ఉపదేశం. ఆపైన వచ్చే వానకాలంలో జఠరాగ్ని మందగిస్తుంది.

మూడవది ఇల్లు. కొత్త సున్నం, రంగులు, వార్నిష్ వాసన, మారిన తాగునీరు, తెలియని గది, తప్పిన నిద్రవేళ. పెద్దలకు ఇవి చిన్న విషయాలు. పసివానికి ఇల్లే ప్రపంచం. గృహప్రవేశం నాటి రాత్రి ఆ ఇంట్లోనే నిద్ర చేయాలని మన పెద్దలు పెట్టిన ఆచారంలో నాకు ఒక వైద్యరహస్యం కూడా కనబడుతుంది. నిద్ర కుదిరితేనే ఇల్లు కుదిరినట్లు.

ఆ మధ్య ఒక తల్లి తన నాలుగేళ్ళ పిల్లను నా వద్దకు తీసుకొనివచ్చింది. ఊరు మారి పది రోజులైంది. పిల్లకు దగ్గు, అన్నం సహించదు, రాత్రులు ఉలిక్కిపడి లేస్తుంది. అప్పటికే వారు రెండు రాత్రులు ఒడ్డున గుడారంలో గడిపి వచ్చారు. "సముద్రగాలి పడలేదండీ" అన్నది ఆ తల్లి. కావచ్చు. రంగుల ఘాటు కావచ్చు, నీటి మార్పు కావచ్చు, నిద్రలేమి కావచ్చు. అన్నీ ఒకేసారి మార్చినప్పుడు ఏది పడలేదో ఏ వైద్యుడు చెప్పగలడు? ఒక్కొక్కటిగా మార్చితే శరీరమే మనకు చెబుతుంది.

నాలుగు పాదాల నడక

అలవాటును మార్చుకొనే పద్ధతిని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం పాదాంశిక క్రమంగా చెప్పింది. పాదమంటే నాలుగవ వంతు. ఒక్కసారిగా దూకక, వంతుల వారీగా సాగడం. గురుకులంలో మా గురువుగారు దీనిని చెబుతూ "మెట్లు ఉన్నది ఎక్కడానికి, దూకడానికి కాదు" అనేవారు. ఆ సూత్రాన్నే నేను సముద్రానికి అన్వయిస్తాను.

మొదటి పాదం: తొలి మూడు వారాలు ఇంటికే. కిటికీలు తెరచి రంగుల వాసన పోనివ్వండి. ఆ గదులలో పిల్లలను పడుకోబెట్టకండి. నీరు కాచి చల్లార్చి ఇవ్వండి. అనంతపురం వారైతే రాగిసంకటి, జొన్నరొట్టె మానకండి. సాత్మ్యమైన పాత ఆహారమే కొత్త ఊరిలో పిల్లలకు ఆసరా.

రెండవ పాదం: వాన లేని సాయంత్రాలు అరగంట ఒడ్డు నడక. పొడి ఇసుకలో ఆటలు మాత్రమే.

మూడవ పాదం: సూర్యోదయం నుండి తొమ్మిది గంటల వరకు ఒక పూట. పెద్దల చేయి పట్టుకొని పాదాలు తడుపుకోవచ్చు. ఇంటికి రాగానే మంచినీటితో స్నానం చేయించి, ఆరిన ఒంటికి కొద్దిగా కొబ్బరినూనె రాయండి. ఉప్పు, ఇసుక చర్మం మీద నిలిస్తే దురద, పొక్కులు వస్తాయి.

నాలుగవ పాదం: రాత్రి బస. ఇది వానలు, తుపానులు వెనుకబట్టిన మార్గశిర, పుష్య మాసాలలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన సంగతి కొత్తగా వచ్చినవారికి గుర్తుండకపోవచ్చు. ఆశ్వయుజ, కార్తికాలలో ఈ తీరం నమ్మదగినది కాదు. ఒడ్డుకు పోయేముందు ఒక రాత్రి ఎత్తైన పిట్టగోడ ఉన్న మీ డాబా మీదనే గుడారం వేసి చూడండి. అక్కడ నిద్రపోని పిల్లవాడు ఇసుకలోనూ నిద్రపోడు. పాలు మాత్రమే తాగే క్షీరపులు, పాలు అన్నం రెండూ తినే క్షీరాన్నాదులు, అనగా రెండేళ్ళ లోపువారు ఉన్న ఇంట ఈ ముచ్చటను మరుసటి ఏటికి వాయిదా వేసుకోవడమే మేలు.

కావలి ఎవరు?

ఇంతవరకు చెప్పినది జలుబు, అజీర్ణముల సంగతి. వాటికి శొంఠి ఉంది, వాము ఉంది. ఇక చెప్పబోయేదానికి ఔషధం లేదు.

ఇల్లు మారిన తండ్రి పదిహేను రోజులుగా సరిగా నిద్రపోలేదు. తల్లి నడుము వంగిపోయింది. ఇద్దరూ విశ్రాంతి కోసమే ఒడ్డుకు వచ్చారు. ఇసుకలో చాప పరచుకొని వాలగానే కన్ను మూతపడుతుంది. పిల్లలు మాత్రం అలసిపోలేదు! నేను అన్నింటికన్న ఎక్కువగా భయపడేది ఈ దృశ్యానికే. మునిగే బిడ్డ కేక వేస్తాడని పెద్దలు అనుకొంటారు. సాధారణంగా కేక వినిపించదు. నోట నీరు నిండినవాడు ఎలా అరవగలడు?

విశాఖ తీరం అందమైనదే కాని, అన్నిచోట్లా దిగదగినది కాదు. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అంత మాత్రాన అక్కడి అలలు మెత్తబడవు. భీమిలి వద్ద గోస్తనీ నది సాగరంలో కలుస్తుంది. అటువంటి సంగమాల వద్ద పాటు సమయంలో నీరు లోపలికి బలంగా లాగుతుంది. ఇరుపక్కలా అలలు విరుగుతూ నడుమ నీరు ప్రశాంతంగా కనబడే చోటు పిల్లలకు అనువైనదని భ్రమపడవద్దు. తీరానికి వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి తరచుగా అదే.

కనుక నా నియమం ఒక్కటే. పిల్లలు మేలుకొని ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి వారిని చూడడం తప్ప మరే పనీ చేయకూడదు. వంట చేస్తూ, ఫోను చూస్తూ, కబుర్లాడుతూ చూడడం కావలి కాదు. గంటకొకరు చొప్పున వంతులు వేసుకోండి. అంత ఓపిక ఇంకా కూడకపోతే, బసకు వేళ రాలేదని గ్రహించండి.

మరొక మాట. మునిగిన బిడ్డను తలక్రిందులుగా పట్టి ఊపడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం మన ప్రాంతాలలో చూస్తూంటాము. దాని వలన ప్రాణం నిలిపే నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి అందిస్తూ, రొమ్ము మధ్య నొక్కడం మొదలుపెట్టాలి. మరొకరు 108కి ఫోను చేయాలి. తేరుకొన్నా సరే, ఆసుపత్రిలో చూపించవలసిందే. ఊపిరి అందించే ఈ విధానాన్ని తెలిసినవారి వద్ద ముందే నేర్చుకోండి. ఇక్కడ ఆయుర్వేదమా, ఆధునిక వైద్యమా అన్న వివాదానికి తావు లేదు.

బస చేసే నాడు

అనుమతి ఉన్న చోటనే గుడారం వేయండి. పౌర్ణమి, అమావాస్యలకు పోటు ఎక్కువ. అల తెచ్చి వదిలిన చెత్త గీతకు బాగా పైన స్థలం చూడండి. పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. చింతపండు పులిహోర, అటుకులు, అరటిపండ్లు మేలు. విరేచనాలు పట్టుకొంటే లీటరు కాచిన నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టండి. బిడ్డ మగతగా ఉన్నా, కన్నీరు రాకున్నా, మూత్రం తగ్గినా ఇంటివైద్యం మాని డాక్టరును చూడండి.

చలికని గుడారం లోపల కుంపటి ఎన్నడూ పెట్టకండి. బొగ్గుల నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దోమలకు చుట్ట వెలిగించడం కన్న దోమతెర ఉత్తమం. జలుబు చేసిందని పసివారి ముక్కులో, నోటిలో కర్పూరం వాడవద్దు. వారికి అది విషతుల్యం. జెల్లీచేప కుట్టితే ఇసుకతో రుద్దక, సముద్రపు నీటితోనే కడిగి, తరువాత ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచండి. ఆయాసం, వాపు కనబడితే ఆలస్యం చేయవద్దు.

తల్లులారా, తండ్రులారా! కొత్త ఊరిని పిల్లలకు పరిచయం చేయాలన్న మీ ఆరాటం మెచ్చదగినది. సముద్రం వేల ఏళ్ళుగా అక్కడే ఉంది, మార్గశిరం దాకా ఎక్కడికీ పోదు. ఈలోగా పెట్టెలు విప్పండి, వంటగది సర్దుకోండి, కంటినిండా నిద్రపోండి. పిల్లల ఆకలి, నిద్ర కొత్త ఇంట కుదిరిన నాడు, మీ కన్ను మూతపడని నాడు, గుడారం భుజాన వేసుకొని సంతోషంగా బయలుదేరండి.