వెనక కాళ్ళు ఈడుస్తుంటే బద్ధకం అనుకోకండి

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మనవడు షుగర్ గ్లైడర్ అనే చిన్న జంతువును పెంచుతున్నాడు. అది పగలంతా నిద్రపోతుంది. పట్టుకోబోతే కరకరమని అరుస్తుంది. నడినెత్తిన వెంట్రుకలు ఊడిపోయాయి. వారం రోజులుగా వెనక కాళ్ళు ఈడుస్తోంది. ఎక్కువగా అరటిపండు, పొద్దుతిరుగుడు గింజలు తింటుంది. ఇది పక్షవాతమా? పిల్లలకు అంటుకుంటుందా?

జవాబు: నేను మనుషుల డాక్టర్ని. ఆ జంతువుకు మందు రాయవలసినవాడు పశువైద్యుడు. అయినా మీరు రాసిన నాలుగు లక్షణాల్లో మొదటి మూడూ చాలావరకు దాని సహజ గుణాలే. నాలుగోది మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడని జబ్బు.

ముందు ఆ జంతువు సంగతి. చూడటానికి ఉడుతలా ఉన్నా అది ఉడుత కాదు. కంగారూ లాగా పొట్టమీది సంచిలో పిల్లను పెంచే జాతి. స్వస్థలం ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతాలు. బరువు 100 నుంచి 150 గ్రాములు. ముందు కాలికీ వెనక కాలికీ మధ్య చర్మపు పొర ఉంటుంది. దాన్ని గొడుగులా పరచి చెట్టు నుంచి చెట్టుకు 50 మీటర్ల దాకా గాలిలో జారుతూ పోగలదు.

జబ్బులు కానివి

ఇది రాత్రి తిరిగే జంతువు. పగటి నిద్ర దానికి ఆరోగ్యమే. ఆడుకోవడం కోసం పిల్లలు పగలు లేపడం మంచిది కాదు.

కరకరమనే ఆ అరుపును పెంపకందార్లు ‘క్రాబింగ్’ అంటారు. అది కోపం కాదు, భయం. అరుస్తున్నప్పుడు పట్టుకుంటే కరుస్తుంది. చేయి వెనక్కి తీసుకుని, నెమ్మదిగా మచ్చిక చేసుకోవాలి.

అది మగదైతే నడినెత్తిన బోడిమచ్చ సహజం. ఆ చోట వాసన ద్రవం ఊరే గ్రంథి ఉంటుంది. తామర అనుకుని లేపనాలు పూయకండి. ఆడదానికి అలా ఊడినా, ఒంటిమీద మరోచోట ఊడినా పరీక్ష చేయించాలి. తన తోకను, కాళ్ళను తానే కొరుక్కుంటుంటే అది ఒంటరితనంతోనో, దిగులుతోనో, నొప్పితోనో కావచ్చు. అడవిలో ఇవి గుంపుగా బతికేవి. ఒక్కదాన్నే బోనులో ఉంచడం దానికి శిక్ష.

మరొక మాట కూడా తెలిసి ఉండాలి. చలి ఎక్కువై, తిండి తక్కువైతే దీని ఒళ్ళు చల్లబడి, కదలిక లేకుండా పడి ఉంటుంది. దీన్ని ‘టార్పర్’ అంటారు. చచ్చిపోయిందని పారవేయకండి. గుడ్డలో చుట్టి, మీ ఒంటి వేడితో నెమ్మదిగా వెచ్చబరచి డాక్టరుకు చూపించండి. ఇంట్లో వేళకు తిండి దొరికే ప్రాణికి ఇలా జరిగితే ఏదో లోపం ఉన్నట్టే.

అసలు జబ్బు

వెనక కాళ్ళు ఈడ్వడానికి దెబ్బ తగలడం వంటి కారణాలూ ఉండవచ్చు. కాని మీరు రాసిన తిండిని బట్టి మొదట అనుమానించవలసింది కాల్షియం లోపాన్ని. మన పిల్లల్లో వచ్చే రికెట్స్‌కు ఇది దగ్గర బంధువు. రక్తంలో కాల్షియం తగ్గితే శరీరం ఊరుకోదు. ఎముకల్లోంచి లాగి రక్తానికి ఇస్తుంది. ఇలా నెలల తరబడి జరిగితే ఎముకలు గుల్లబారతాయి. కాళ్ళు వణుకుతాయి, పట్టు తప్పుతాయి. చిన్నగా కిందపడినా వెన్నెముక విరగవచ్చు.

అడవిలో ఇవి చెట్ల బంక, పాలు, పూతేనె, పుప్పొడి, పురుగులు తింటాయి. అరటిపండులోనూ, గింజల్లోనూ కాల్షియం కంటే భాస్వరం ఎక్కువ. ఉండవలసింది తలకిందులుగా: రెండు పాళ్ళు కాల్షియానికి ఒక పాలు భాస్వరం. తీపి ముందుంటే ఇది మిగతావి ముట్టదు. మనింట్లో పిల్లవాడు అన్నం మాని బిస్కెట్లు తిన్నట్టే!

తొలిదశలో పట్టుకుంటే కాల్షియంతో, విశ్రాంతితో, తిండి మార్పుతో చాలా జంతువులు కోలుకుంటాయి. ముదిరితే చెప్పలేము. అంతవరకు ఎత్తులెక్కి పడకుండా మెత్తని గుడ్డ పరచిన చిన్న పెట్టెలో ఉంచండి. పిల్లల కాల్షియం టానిక్కు మాత్రం పోయకండి. పది కిలోల పిల్లవాడికి సరిపోయే మోతాదు నూరు గ్రాముల ప్రాణికి విషం కావచ్చు.

నీళ్ళు తాగడం లేదా? విరేచనాలైన పిల్లలకు చూసినట్టే, భుజాల మధ్య చర్మాన్ని మెల్లగా పైకెత్తి వదలండి. వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. ఇంత చిన్న ప్రాణికి అది గంటల్లో ప్రాణాపాయం.

పిల్లల మాట

కాల్షియం లోపం అంటువ్యాధి కాదు, భయం వద్దు. కాని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. కరిస్తే ఆ గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. అదే రోజు డాక్టరుకు చూపించి, ధనుర్వాతం ఇంజెక్షన్ కావాలా, రేబీస్ టీకా అవసరమా అన్నది ఆయన్నే అడగండి.

ముచ్చటపడి కొనాలనుకునే ఇతర పాఠకులకు ఒక మాట. సరిగా చూస్తే ఇది పదేళ్ళు దాటి బతుకుతుంది. కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో దీన్ని పెంచడం చట్టవిరుద్ధం. ఎక్కడున్నా ముందు అక్కడి చట్టం కనుక్కోండి. తర్వాత దీనికి వైద్యం తెలిసిన పశువైద్యుడు ఊళ్ళో ఉన్నాడేమో కనుక్కోండి. లేకపోతే కొనకండి.

అమ్మా, మీరు ఈరోజే మీ మనవడికి ఫోన్ చేయండి. గడచిన మూడు రోజుల్లో దానికి ఏమేమి పెట్టారో, ఎంత పెట్టారో కాగితంమీద రాసుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళమనండి. ఆ కాగితం చూస్తే జబ్బు సగం తెలిసిపోతుంది.