సినిమా పాటకు వెలుపల

పాట అనగానే సినిమా పాట అని అర్థం చేసుకోవడం మనకు అలవాటైపోయింది. తెరమీది సన్నివేశం కోసం కాక, గాయకులు తమ మాటగా తామే కూర్చుకొని పాడే సంగీతం కూడా ఒకటి ఉన్నది. నగరాలలో దానిని ఇండీ సంగీతమని, మన పల్లెల్లో ప్రైవేటు పాట అని అంటున్నారు. ఇటీవలి సంవత్సరాలలో వెలువడిన అటువంటి ఆల్బములు నాలుగింటిని గూర్చి మా అభిప్రాయాలను పాఠకుల ముందుంచి, చివర ఒక మనవి చేయదలచాము.

ఈ విషయం మనకు వినోదం మాత్రమే కాదు. సినిమాలలో మన సీమ మాట ఎక్కువగా ఫ్యాక్షన్ నాయకుని నోట, మన ఇళ్లలోని దక్కనీ మాట ఎక్కువగా హాస్యగాని నోట వినబడింది. మన భాషకు గౌరవంగా నిలబడే చోటు కావాలంటే, అది మన సొంత పాటలోనే దొరకాలి. కనుక ఈ ఆల్బములను కూడా ఆ కొలతతోనే చూచాము.

మొదటిది ఆరూజ్ ఆఫ్తాబ్ పాడిన 'వల్చర్ ప్రిన్స్' (2021). లాహోరులో పెరిగి న్యూయార్కులో స్థిరపడిన ఈమె, మరణించిన తన తమ్ముని స్మృతికి దీనిని అంకితమిచ్చింది. ఇందులో దుఃఖం ఉన్నది గాని ఏడుపు లేదు. తాళవాద్యాల సందడి దాదాపు లేకుండా, హార్ప్, గిటారు తంత్రుల మీద ఉర్దూ పదం నింపాదిగా నడుస్తుంది. హఫీజ్ హోషియార్‌పురీ గజలుపై ఆధారపడిన 'మొహబ్బత్' పాటకు 2022లో గ్రామీ బహుమతి లభించింది. మెహదీ హసన్ గొంతులో మన పెద్దలు విన్న గజలే అది. పాత మాట కొత్త నాదంలో తన మర్యాదను పోగొట్టుకోలేదు. ఆంగ్లంలో సాగే 'లాస్ట్ నైట్' మాత్రం ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్లున్నది.

రెండవది బెంగుళూరు బృందం పర్వాజ్ వారి 'కున్' (2019). వీరు 2014 నాటి 'బారాన్' నుండే ఉర్దూను, కాశ్మీరీని రాక్ సంగీతంతో కలిపినవారు. ఉర్దూ అంటే ముషాయిరా భాష మాత్రమే అనుకొనేవారు దీనిని తప్పక వినాలి. అయితే విద్యుత్ గిటార్ల హోరులో అక్కడక్కడ పదం మునిగిపోతున్నది. మాట కోసం చెవి పెట్టేవారికి అది లోటే.

మూడవది ఢిల్లీకి చెందిన పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ అనే బృందం వెలువరించిన 'బిస్మిల్లా' (2019). పేరు మనకు పరిచయమైనది, పాటలు మాత్రం ఆంగ్లంలో ఉన్నవి. సంగీతంలో పాతకాలపు పాశ్చాత్య నృత్యశాలల సొగసున్నది, చమత్కారమున్నది. కాని పేరు చూచి ఆశించినది పాటల్లో దొరకలేదని మా అభిప్రాయం.

నాలుగవది సిద్ శ్రీరామ్ 'సిద్ధార్థ్' (2023). 'సామజవరగమన', 'శ్రీవల్లి' పాటల గొంతు ఇదే. తన మనసు తాను విప్పుకొన్న ఈ ఆల్బములో ఆయన ఎన్నుకొన్నది ఆంగ్లం. తమిళ కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన వానికి అది సహజమే. ఆయనను తప్పుపట్టలేము. కాని మనం ఇంతగా ప్రేమించిన గొంతు ఎక్కువగా సినిమా ద్వారానే తెలుగులో మనను చేరిందన్న సంగతి ఆలోచింపదగినది.

తెలుగులో ఇటువంటి పాటకు పూర్వీకులు లేక కాదు. విజయవాడ ఆకాశవాణి లలితగీతాలు, కరుణశ్రీ 'పుష్పవిలాపం'ను ఘంటసాల పాడిన రికార్డు సినిమాతో పనిలేకుండానే ఇంటింటా వినబడినవి. 2000లో స్మిత 'హాయ్ రబ్బా'తో తెలుగు పాప్‌ను యువతకు చేరువ చేసింది. మన పొరుగున అనంతపురం జిల్లాలో పుట్టిన మంగ్లీ ప్రైవేటు పాటలతోనే పేరు తెచ్చుకొన్నది. అయితే ఇవి ఎక్కువగా ఒంటి పాటలు. మొదటి నుండి చివరి వరకు ఒకే మనసు పలికే ఆల్బము సీమ మాటలో రావలసియున్నది.

అందుకు ముడిసరుకు మన ముంగిటనే ఉన్నది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు ఊళ్లలో పీర్ల పండుగనాడు హసన్ హుసేనులను తెలుగు మాటలతో తలచుకొని పాడుతారు. ఆ గుండం చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసే అడుగు వేస్తారు. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు పలికే విద్యార్థికి రెండు భాషల సంపద పుట్టుకతోనే వచ్చింది. దానిని మించిన స్వరకల్పనకు ఆధారమేమున్నది?

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. వార్షికోత్సవంలో సినిమా పాటలను తొలగించమని మేము కోరడం లేదు. విద్యార్థులు స్వయంగా రచించి, స్వరపరచిన ఉర్దూ, తెలుగు పాటలకు ఒక అరగంట కేటాయించండి. ఒక డప్పు, ఒక హార్మోనియం చాలును. నెలకొకసారి ఒక ఆల్బమును ఆద్యంతం విని చర్చించుకొనేందుకు ఒక గది ఇప్పించండి.

తోటి విద్యార్థులకు కూడా ఒక మాట. ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు బస్సులో పట్టే సమయం ఇంచుమించు ఒక ఆల్బముకు సరిపోతుంది. పాట మార్చకుండా ఒకటి పూర్తిగా వినండి. విన్న తరువాత, అదే మాట మన ఊరి యాసలో ఎట్లుంటుందో రెండు పంక్తులు రాసి చూడండి.