మృగశిర కింది మసక

“నక్షత్రం ఎలా పుడుతుందో శాస్త్రజ్ఞులకే పూర్తిగా తెలియదట. మరి జాతకాన్ని కాదనడానికి వాళ్లెవరు?” మా అమలాపురం ప్రాంతంలో చదువుకున్నవారి నోటనే ఈ వాదం వినబడుతూ ఉంటుంది. మొదటి మాట నిజమే. రెండోదానికి మొదటిదానితో సంబంధమే లేదు.

తెలిసినదేమిటో ముందు చూద్దాం. సున్నాకు సుమారు 260 డిగ్రీల దిగువ చలిలో ఉన్న హైడ్రోజన్ మేఘంలో వాయుపీడనం కన్నా గురుత్వాకర్షణ బలీయమైతే, మేఘం తనలోకి తాను కుంగిపోతుంది. అందుకెంత ద్రవ్యం కావాలో జేమ్స్ జీన్స్ 1902లోనే లెక్క కట్టాడు. నడిగర్భంలో వేడి కోటి డిగ్రీలకు చేరాక హైడ్రోజన్ హీలియంగా మారసాగుతుంది. అదే నక్షత్ర జననం.

చిక్కంతా ఈ కుంగడంలోనే ఉంది. పాలపుంతలోని మేఘాలన్నీ అడ్డు లేకుండా కుంగిపోతే ఏటా వందల సూర్యుళ్లకు సరిపడా ద్రవ్యం నక్షత్రాలు కావాలి. అవుతున్నది ఒకటి రెండు సూర్యుళ్ల పాటిదే! అడ్డుపడుతున్నది అయస్కాంత క్షేత్రమా, మేఘంలోని సుడులా, అప్పుడే పుట్టిన తారలు వెదజల్లే వేడిగాలులా? ఏది ఎంత పాలో ఇంకా తేలలేదు. చిన్న తారలు అన్నేసి, పెద్దవి బహు కొద్దిగా పుట్టడానికి కారణమూ వివాదంలోనే ఉంది. అయితే ఈ తెలియనితనాన్ని అంకెల్లో చెప్పవచ్చు, దుర్భిణితో పరీక్షించవచ్చు. 2021లో నింగికెగసిన వెబ్ దుర్భిణికి అప్పగించిన పనుల్లో ఇదొకటి.

జాతకఫలంలో ఇటువంటి ‘తెలియదు’ ఒక్కటి చూపండి. ఫలించకపోతే పుట్టిన ఘడియ తప్పంటారు, లేదా శాంతి చేయించమంటారు. పంచాంగ గణితాన్ని నేనిందులో కలపడం లేదు. పూర్వపద్ధతి, దృగ్గణితం అంటూ మన సిద్ధాంతులు వాదులాడుకున్నారంటే, గ్రహణం చెప్పిన వేళకు పట్టిందా లేదా అని ఆకాశాన్నే సాక్షిగా పిలిచారు కనుక. ఆ గణితానికి నా నమస్కారం. ఫలభాగం వారు ఆ సాక్షిని ఏనాడూ పిలవలేదు.

మన రైతుకు నక్షత్రమంటే కార్తె. మృగశిర వచ్చిందంటే తొలకరి మాటే. కాని జూన్ నెలలో సూర్యుడు ఆ నక్షత్రం చెంతనే ఉంటాడు గనుక అప్పుడది కంటికి కనబడదు. చూడాలంటే సంక్రాంతి రోజులు మేలు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి తిరిగివచ్చి, వెన్నెల అడ్డు లేకపోతే, రాత్రి పది గంటల వేళ కొబ్బరిచెట్ల మరుగు లేని చేలగట్టున నిలబడి నడినెత్తికి కాస్త దక్షిణంగా చూడండి. మృగశిర కింద వరుసగా మూడు చుక్కలు, వాటి దిగువన మసకగా ఒక మరక. సుమారు 1300 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ మేఘంలో నక్షత్రాలు పుడుతున్నాయి. మామూలు బైనాక్యులర్ ఉన్నా చాలు, అది చుక్క కాదు, మబ్బని తెలిసిపోతుంది.