టవరు నీడలో బడి

బడిగోడ ప్రక్కన సెల్ టవరు లేచినచో గోదావరి డెల్టాలో తల్లిదండ్రులు కలవరపడుట వింత కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద సహజవాయువు బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం ప్రేలి ఇరవైమందికి పైగా బలిగొన్నది. “ప్రమాదమేమీ లేదు” అన్న మాటను ఒట్టిగా నమ్మరాదని కోనసీమకు అనుభవమే నేర్పినది.

అయినను గ్యాసు వేరు, టవరు తరంగం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2011లో రేడియో తరంగాలను క్యాన్సరుకు ‘కారణం కావచ్చునేమో’ అన్న తరగతిలో చేర్చినదే గాని, కారణమని తేల్చలేదు. 2012లో భారత ప్రభుత్వం టవర్ల తరంగ పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదవవంతుకు తగ్గించినది. ఆ యేడే రాజస్థాన్ హైకోర్టు బడుల నుండి టవర్లను తొలగించుమన్నది. దూరం పెరిగినకొలది తరంగబలం త్వరగా క్షీణించును. టవరు మరీ దూరమైనచో చెవికానించిన ఫోనే హెచ్చుశక్తితో పనిచేయును.

కావున భయమును పరిహసించుటయు తగదు, భయమునే రుజువుగా చూపుటయు తగదు. రుసుము చెల్లించి తరంగబలమును కొలిపించుకొను వీలు 2017లో ‘తరంగ్ సంచార్’ ద్వారా ఏర్పడినది. కాని సందేహం తీర్చు భారం ఊరివారిది కారాదు; టవరు నిలిపినవారిదే కావలెను. నిలుపకముందే గ్రామసభలో చెప్పవలెను. నిలిపిన పిమ్మట బడి ఆవరణలో అందరి ఎదుట కొలిచి, ఆ అంకెను పంచాయతీ గోడపై వ్రాయవలెను. ఆ అంకెకు అర్థం పిల్లలకు చెప్పగల ఉపాధ్యాయుడున్న ఊరిలో వదంతికి చోటుండదు.