ఊరు లేని పీఠం

ఊరు లేదు, గుడి లేదు, విశ్వాసులు లేరు. బిషప్ మాత్రం ఉంటాడు. కాథలిక్ చర్చిలోని నామమాత్ర పీఠం కాగితం మీది కాపురంలా తోచడం సహజం. కానీ దాని వెనక ఒక పాత నియమం ఉంది: ఏదో ఒక సంఘంతో ముడిపెట్టకుండా ఎవరినీ గురుత్వానికి అభిషేకించరాదని 451లో కాల్సెడన్ మహాసభ నిర్ణయించింది. సొంత మేత్రాసనం లేని సహాయ బిషప్పులకూ, పోపు రాయబారులకూ అంతరించిన పీఠాల పేర్లు ఇవ్వడం ఆ ఆలోచనకు కొనసాగింపే. ఇది ముస్లిం నేలల మీద పాత హక్కు చాటుకోవడం కాదా అని అడగవచ్చు. ప్రశ్నలో పస ఉంది. ఒకప్పుడు వీరిని ‘అవిశ్వాసుల దేశాల్లోని’ బిషప్పులనే పిలిచేవారు. 13వ లియో పోపు కాలంలో, 1882లో, ఆ మాట పోయింది, మిగలాల్సింది జ్ఞాపకమే. అయితే జ్ఞాపకాన్ని శిక్షగానూ వాడుకోవచ్చని పార్తేనియా చెబుతుంది. నేటి అల్జీరియాలోని ఆ పీఠానికి చెందిన రొగాటస్ పేరు, 484లో వాండల్ రాజు హునెరిక్ కార్తేజ్‌కు రప్పించిన బిషప్పుల జాబితాలో ఉంది. 1995లో ఫ్రాన్స్‌లోని ఎవ్రూ బిషప్ జాక్ గయోను పదవి నుంచి తప్పించి, అదే పీఠాన్ని కట్టబెట్టారు. ఆయన దాన్ని ఇంటర్నెట్‌లో సరిహద్దుల్లేని మేత్రాసనంగా మలిచి, గూడు లేనివారి పక్షాన, కాగితాల్లేని వలసజీవుల పక్షాన నిలిచారు. ఒక్కరి చొరవతో వ్యవస్థ మంచిదైపోదనవచ్చు, నిజమే. పీఠాన్ని నిలబెట్టేది బిరుదు కాదు, దాని పేరుతో ఎవరి పక్కన నిలబడ్డారన్నదే.