తొలకరి తెచ్చే పిలవని చుట్టాలు



రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు మన పెద్దలు. ఆ ఎండలు సడలి, మృగశిర ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే పల్లెటూరి ఇంటికి కళ వచ్చేస్తుంది. చేలగట్ల మీద ఎర్రని ముఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు కనబడతాయి. సాయంత్రం లైటు వేయగానే ఉసిళ్ళు ముసురుకుంటాయి. తెల్లవారేసరికి రాలిన రెక్కల మధ్య కోళ్ళు తల ఎత్తకుండా ఏరుకు తింటూ ఉంటాయి. పిల్లలకు అదొక పండుగ.

ఆ పండుగ వెనుకనే ఒక ప్రమాదం కూడా వస్తుంది. ఉసిళ్ళ కోసం కప్పలు వాకిట్లోకి వస్తాయి. కప్పల కోసం పాము వస్తుంది. చేలల్లో కలుగులు నీళ్ళతో నిండిపోతే ఎలుకలు మన ధాన్యపు బస్తాల దగ్గరకు చేరతాయి. వాటి వెనుక మరో పాము. పాము మన మీద పగబట్టి రాదు. ఆకలి తీర్చుకోవడానికి, తడిలేని చోటు వెతుక్కుంటూ వస్తుంది, అంతే.

2000 నుండి 2019 వరకు మన దేశంలో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది, పాముకాటుతో మరణించారని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా. వారిలో దాదాపు అందరూ పల్లెలవారే. సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే జరిగాయి. కాబట్టి తొలకరికి విత్తనాలు సిద్ధం చేసుకున్నట్టే ఇంటిని కూడా సిద్ధం చేసుకోవాలి.

ఇల్లు సర్దుకునే విధానం

కట్టెల మోపు, పిడకల గూడు, పాత ఇటుకలు ఇంటి గోడకు ఆనించి ఉంటే దూరంగా జరపండి. పొయ్యిలోకి కట్టె తీసేటప్పుడు చేయి పెట్టకముందే కర్రతో కదపండి. ధాన్యం బస్తాలను నేల మీద కాక బల్లల మీద ఉంచి, ఒలికిన గింజలను ఏ రోజుకారోజు ఊడ్చేయండి. కోళ్ళగూడు ఇంటికి ఎడంగా ఉండాలి. గుడ్లకోసం, పిల్లలకోసం పాము అక్కడికి వస్తుంది. వాకిట్లో లైటు అవసరం తీరగానే ఆర్పేస్తే ఉసిళ్ళు తగ్గుతాయి, వాటితోపాటు కప్పలూ తగ్గుతాయి.

పడక విషయంలో మరీ జాగ్రత్త. మన ఇళ్ళలోకి రాత్రిపూట వచ్చే కట్లపాము నేలమీద నిద్రపోయేవారిని కాటు వేస్తుంది. దాని కాటు పెద్దగా నొప్పి పెట్టదు, గాటు కూడా సరిగా కనబడదు. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే దోమకూ పాముకూ ఒకే కాపలా. మంచాలు చాలకపోతే నేలమీద పడుకునేవారికైనా దోమతెర కట్టి, అంచులు చాప కిందికి మడవండి.

మన చిన్న కాపలాదారులు

కుక్క ఒకే చోట నిలబడి, వెనక్కీ ముందుకీ కదులుతూ మొరుగుతోందంటే విసుక్కోకండి. కోళ్ళు ఒక్కసారిగా కొక్కొరిస్తూ చెదిరినా, గోరువంకలు, ఉడుతలు ఒక పొద చుట్టూ చేరి గోల పెట్టినా కారణం ఉంటుంది. టార్చిలైటు, చెప్పులు లేకుండా అటు వెళ్ళకండి. ముందు పిల్లలను వెనక్కి పిలవండి. కుక్క కాటుకు గురైతే దాన్నీ పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. విషానికి విరుగుడు మందు జంతువులకు కూడా పనిచేస్తుంది.

కనబడిన ప్రతి పామునూ చంపడం మంచిది కాదు. జెర్రిపోతుకు విషం లేదు. అది ఆవు పొదుగుకు చుట్టుకుని పాలు తాగుతుందనే మాటలో నిజం లేదు. అది తినేది మన ధాన్యం తినే ఎలుకలను. నీటిగుంటల దగ్గర తిరిగే నీరుకట్టు కూడా విషం లేనిదే. మన ప్రాంతంలో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఏ పామో పోల్చుకోలేకపోతే దూరంగా నిలబడి, అది పోవడానికి దారి ఇవ్వడమే క్షేమం. చాలా కాట్లు పామును కొట్టబోయినప్పుడో, తెలియక తొక్కినప్పుడో పడేవే.

కాటు పడితే

ముందు ధైర్యం చెప్పండి. కరిచిన చేయినో కాలునో కదలకుండా కర్రబద్దతో, గుడ్డతో వదులుగా కట్టండి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. పైన తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఇవేవీ వద్దు. మంత్రం వేయించడానికి తిరిగిన గంటే ప్రాణం తీస్తుంది. రోగిని నడిపించకండి. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి చేర్చండి. పామును పట్టుకుని తీసుకువెళ్ళనక్కర లేదు. మన దేశంలో వాడే విరుగుడు మందు ఈ నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది.

అమ్మలకు ఒక ముఖ్యమైన మాట. వానాకాలం రాత్రి బాగా పడుకున్న బిడ్డ తెల్లవారుజామున లేచి కడుపునొప్పి అని ఏడ్చినా, వాంతి చేసుకున్నా, కనురెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా అజీర్ణమనుకుని వాము నూరిపోస్తూ కూర్చోకండి. గాటు కనబడకపోయినా అది కట్లపాము కాటు కావచ్చు. వెంటనే బయలుదేరండి.

ఈ విరుగుడు మందు మీకు దగ్గరలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుందో ఈ వారమే కనుక్కుని, ఆ ఆసుపత్రి పేరు గోడమీది క్యాలెండరుపై పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. రాత్రివేళ ఏ బండి దొరుకుతుందో కూడా ఇరుగుపొరుగువారితో ఇప్పుడే మాట్లాడుకోండి.